పై ఆకుకు కబురు ఎట్లా చేరింది? ప్రాజెక్టు మొదలుపెడుతున్న మేనకోడలికి

కడప,
కార్తీక మాసం.

చి॥ పాపకు, మామ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు పొగాకు మొక్కనూ మొజాయిక్ వైరస్‌నూ తీసుకుని, కింది ఆకుకు తెగులు తగిలితే పై ఆకు ముందే ఎట్లా సిద్ధపడుతుందో చూస్తానని రాశావు. గైడు ఒప్పుకున్నారనీ, మీ అనంతపురం ల్యాబులో పెద్ద మిషన్లు లేవు కాబట్టి టెన్షన్‌గా ఉందనీ కూడా రాశావు. ఫోన్లో చెప్తే సగం మరిచిపోతావని కూర్చుని రాస్తున్నాను. మెల్లగా చదువు.

మొదట ఆ టెన్షన్ వదులుకో. ఈ సంగతిని లోకానికి గట్టిగా చూపించిన ప్రయోగం 1961లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జరిగింది. చేసినాయన ఫ్రాంక్ రాస్. ఆయన వాడింది పొగాకు మొక్కలు, వైరస్ ఉన్న ఆకు రసం, మచ్చలు కొలిచే ఓపిక, అంతే. కింది ఆకులకు వైరస్ పూశాడు. అక్కడ చిన్న చిన్న ఎండు మచ్చలు పడ్డాయి. కొన్నాళ్లాగి, ఏ తెగులూ సోకని పై ఆకులకు అదే వైరస్ పూశాడు. ముందు ఏమీ పూయని మొక్కల్లో పై ఆకుల మీద మచ్చలు పెద్దవిగా పడ్డాయి. కింద ఒకసారి దెబ్బ తిన్న మొక్కల్లో మాత్రం చిన్నవిగా, చాలావరకు తక్కువగా పడ్డాయి. వైరస్ కింది మచ్చల్లోనే ఆగిపోయింది, పైకి పోలేదు. అయినా పై ఆకుకు విషయం తెలిసింది. అంటే ఏదో ఒక కబురు కాండం గుండా పైకి పోయిందన్నమాట.

నువ్వు నిరూపించాల్సింది ఆ ఒక్క మాటే: పైకి పోయింది కబురే, ఇంకేదీ కాదు. వైరస్ పోలేదు, నీ చేతి నుంచి ఏమీ అంటలేదు, గాలిలో ఏమీ రాలేదు, ఎండ తేడా కాదు, ఆకు వయసు తేడా కాదు. ఈ ఉత్తరంలో నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఆ మాట కోసమే. మచ్చ చిన్నగా పడడానికి నూరు కారణాలుంటాయి. అందులో తొంభైతొమ్మిదింటిని నువ్వే ముందుగా మూసెయ్యాలి. వైవాలో అడిగేవాళ్లు తెరిచేది ఆ తలుపులనే.

మొక్క నుంచి మొదలుపెడదాం. ఏ పొగాకైనా పనికిరాదు. మామూలు పొగాకుకు ఈ వైరస్ తగిలితే మొక్కంతా పాకి, లేత ఆకుల మీద పసుపు పచ్చ మరకలు వస్తాయి. అట్లాంటి మొక్కలో కింద, పైన అని విడదీసి చూసేదే ఉండదు. నీకు కావాల్సింది ఎన్ జన్యువు ఉన్న రకం: సామ్‌సన్ ఎన్‌ఎన్ గానీ, జాంథి ఎన్‌సీ గానీ. ఈ జన్యువు పొగాకుకు పుట్టుకతో వచ్చింది కాదు. నికోటియానా గ్లుటినోసా అనే దాయాది మొక్క నుంచి ఫ్రాన్సిస్ హోమ్స్ 1930లలో సంకరం చేసి తెచ్చిపెట్టాడు. ఇది ఉన్న మొక్క వైరస్‌ను గుర్తుపట్టి, అది దిగిన చోట చుట్టూ ఉన్న తన కణాలను తానే చంపేసుకుంటుంది. నువ్వు చూసే ఎండు మచ్చ అదే. లోపల వైరస్ చిక్కుకుపోతుంది. విత్తనం కోసం రాజమండ్రిలో 1947 నుంచి పొగాకు మీద పనిచేస్తున్న కేంద్రీయ పరిశోధన సంస్థకు మీ గైడు చేత ఉత్తరం రాయించు. విత్తనాలు నల్లపూసలో పదో వంతు కూడా ఉండవు. మట్టిలో పాతొద్దు, తడిమట్టి మీద చల్లి వదిలెయ్, వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి.

ఇప్పుడు అనంతపురంలో అన్నిటికన్నా పెద్ద చిక్కు గురించి చెప్తాను. ఇక్కడ తొందరపడకు.

ఎన్ జన్యువు వేడికి నిలవదు. 28 డిగ్రీలు దాటితే అది పని చెయ్యడం మానేస్తుంది. మొక్కకు మచ్చ పడదు, వైరస్ నిశ్శబ్దంగా మొక్కంతా పాకుతుంది. అదే మొక్కను తర్వాత చల్లని చోటికి తెస్తే, జన్యువు మళ్లీ మేల్కొని, వైరస్ ఉన్న చోటల్లా కణాలను చంపుతుంది. వైరస్ అప్పటికే అంతటా ఉంది కాబట్టి మొక్క మొత్తం కుళ్లిపోయినట్టు వాలిపోతుంది. ఇది చూసి చాలామంది పిల్లలు మట్టిలో శిలీంధ్రం అనుకుని కార్బెండజిమ్ పోస్తారు. కారణం మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయి ఏసీ ఆగడం. ఇంకో మాట. 2022లో అరబిడాప్సిస్ అనే ఆవజాతి మొక్క మీద వచ్చిన పరిశోధనలో, మొక్క రక్షణకు అవసరమైన సాలిసిలిక్ ఆమ్లం 23 డిగ్రీల దగ్గర బాగా తయారైనా 28 డిగ్రీల దగ్గర బాగా తగ్గిపోతుందని చూపించారు. ఆ ఆమ్లం ఏమిటో కింద చెప్తాను. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏమంటే, వేడి ఒక్క జన్యువునే కాదు, రక్షణ వ్యవస్థనే రెండు చోట్ల దెబ్బకొడుతుంది.

కాబట్టి ఫిబ్రవరి దాటాక వైరస్ పూసే పని పెట్టుకోవద్దు. డిసెంబరు, జనవరి నీ నెలలు. అప్పుడు కూడా మిట్టమధ్యాహ్నం మన దగ్గర 30 పలుకుతుంది, కిటికీ పక్కన ఇంకా ఎక్కువ. ఉత్తరం వైపు గది తీసుకో, 22 నుంచి 24 మధ్య ఏసీ, పైన ఎల్ఈడీ ట్యూబులు. అన్నిటికన్నా ముఖ్యం, గరిష్ఠ కనిష్ఠ థర్మామీటరు ఒకటి మొక్కల ఎత్తులో, ట్యూబుల కిందే వేలాడదియ్. గోడకు కొట్టొద్దు, గోడ దగ్గరి వేడి వేరు, ఆకు దగ్గరి వేడి వేరు. ప్రతి పొద్దునా రెండు అంకెలూ రాసి సూదిని వెనక్కి తిప్పు. ఏ రోజైనా గరిష్ఠం 28 దాటితే ఆ బ్యాచ్ పక్కన పెట్టెయ్. బాధగా ఉంటుంది, అయినా పెట్టెయ్.

పూయడం నేర్చుకోవడానికి ఒక వారం పోనీ. వైరస్ ఆకును చల్లని ఫాస్ఫేట్ బఫర్‌లో, అంటే ఆమ్లగుణం మారకుండా నిలిపే ఉప్పు ద్రావణంలో నూరి, పలుచని గుడ్డలో వడగట్టు. పూయాల్సిన ఆకు మీద సన్నటి కార్బొరండం పొడి చల్లు, వైరస్ లోపలికి దిగేట్టు ఆకును సన్నగా గీరే గరుకు పొడి అది. పిండి ముగ్గు వేసేటప్పుడు చేతిలోంచి జారే ధారకన్నా పలుచగా, ఆకు మీద తెల్లటి పొగ పట్టినట్టు కనపడితే చాలు. అరచేతిని ఆకు కింద ఆనించి, తడిపిన దూది చుట్టతో ఈనె మొదలు నుంచి అంచు వైపు ఒక్కసారి మెల్లగా తుడు. రెండోసారి వద్దు. బొటనవేలు ఒత్తిడి పెరిగితే ఆకు మీద నీళ్లలో తడిసినట్టు ముదురు పచ్చ చారలు కనిపిస్తాయి, మర్నాటికి అవి గోధుమరంగు గీతలవుతాయి. అవి నీ చేతి గాయాలు, వైరస్ మచ్చలు కావు. సరిగా పూస్తే మొదటి రోజు ఆకు మీద ఏమీ కనపడదు. రెండో రోజు చివరికి లెన్సు కింద గసగసాలంత లేత బూడిద రంగు చుక్కలు, మూడో రోజుకు వాటికి గోధుమరంగు అంచు. పూసిన రెండు మూడు నిమిషాల్లో ఆకును మంచినీళ్లతో కడిగెయ్, లేకపోతే మిగిలిన పొడి, రసం ఆకును మాడ్చేస్తాయి. వైరస్ మోతాదు సరిచూసుకోవడానికి ఒకే ఆకులో ఒక సగానికి ఒక మోతాదు, ఇంకో సగానికి ఇంకో మోతాదు పూసి పోల్చు. ఇది 1930ల నుంచి వాడుతున్న పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించింది లేదు.

మొక్కల్ని మూడు గుంపులు చెయ్. ఒక గుంపుకు కింద వైరస్ పుయ్. రెండో గుంపుకు వైరస్ లేని బఫర్‌తో, అదే పొడితో, అదే ఒత్తిడితో పుయ్. మూడో గుంపును ముట్టుకోకు. రెండో గుంపు లేకపోతే నీ ప్రాజెక్టు నిలవదు. ఆకును గీకితే చాలు, మొక్క గాయానికి సంబంధించిన కబురు పంపుతుంది. 1972లో క్లారెన్స్ రయాన్ బృందం టమాటా ఆకును పురుగు కొరికినా, మనిషి గాయపరిచినా, దెబ్బతినని ఆకుల్లో కూడా పురుగు కడుపులో జీర్ణక్రియను అడ్డుకునే ప్రోటీన్లు తయారవుతాయని చూపించింది. ఆ దారి వేరు, జాస్మోనిక్ ఆమ్లం దారి. నువ్వు పట్టుకున్నది సాలిసిలిక్ ఆమ్లం దారి. చాలాసార్లు ఒకటి లేస్తే రెండోది అణుగుతుంది. అందుకే గదిలోకి తెల్లదోమ, తామర పురుగు, లద్దె పురుగు రానీకు. పసుపు జిగురు అట్టలు నాలుగు మూలలా కట్టు. పురుగు కొరికిన మొక్కను లెక్కలోకి తీసుకోవద్దు.

చేతుల సంగతి. ఈ వైరస్ ఎండిన పొగాకులో ఏళ్ల తరబడి బతుకుతుంది. బీడీ, సిగరెట్, ఖైనీ ముట్టుకున్న చేయి ఆకును తాకకూడదు. అటెండరుకు కూడా మర్యాదగా చెప్పు. మూడో గుంపు మొక్కలకు ముందు నీళ్లు పొయ్యి, తర్వాత బఫర్ గుంపుకు, చివరగా వైరస్ గుంపుకు. ఎప్పుడూ ఆ వరస తప్పొద్దు. చేతులు సబ్బుతో కడిగి, వెన్న తీసిన పాలలో ముంచితే పాలలోని ప్రోటీన్లు వైరస్ అంటుకోకుండా చేస్తాయి. కత్తెరను ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణంలో నానబెట్టు. పని అయిపోయాక మొక్కలు, మట్టి ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి ఆవిరితో ఉడికించి పడెయ్. ఇంకొకటి, ఆ ల్యాబు చున్నీ, చెప్పులు వేసుకుని మీ నాయన టమాటా మడిలోకి పోకు. టమాటాకు, మిరపకు ఇదే వైరస్ తగులుతుంది, వాటికి నీ మొక్కకున్న రక్షణ ఉండదు.

గాలి సంగతి ఎవరూ అంతగా పట్టించుకోరు. నొప్పులకు రాసుకునే బామ్‌ల ఘాటు వాసన ఉంది చూడు, అది మిథైల్ సాలిసిలేట్. వైరస్ మచ్చలు పడ్డ పొగాకు ఆకు కూడా ఆ పదార్థాన్నే గాలిలోకి వదులుతుందనీ, పక్కనున్న మొక్కలు దాన్ని పీల్చి రక్షణ పెంచుకోగలవనీ 1997లో ఇల్యా రాస్కిన్ బృందం నేచర్ పత్రికలో రాసింది. అంటే మూసిన గదిలో నీ మూడో గుంపుకు పొరుగు నుంచి కబురు అందే వీలుంది. పక్కపక్కన పడ్డ వేరు వేరు గుంపుల కుండీల మధ్య ప్లాస్టిక్ తెరలు కట్టు, చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించు. మెడ పట్టేసిందని బామ్ రాసుకున్న రోజు ఆ గదిలోకి పోవద్దు.

ఇక పై ఆకు. కింద పూసిన ఏడు రోజులకు పైన పుయ్. అంతకన్నా ముందైతే రక్షణ పూర్తిగా కుదురుకోదు. ఏ ఆకుకు పూయాలన్నది మొదటే తేల్చుకో. కింది నుంచి లెక్కపెట్టి, మొదటి రోజే ఆకు తొడిమకు రంగు దారం కట్టు. లేత ఆకు, ముదురు ఆకు ఒకే వైరస్‌కు ఒకే రకంగా మచ్చపడవు. ఒక మొక్కలో ఆరో ఆకు, ఇంకో దానిలో ఎనిమిదో ఆకు కొలిస్తే నువ్వు కొలిచింది ఆకు వయసే అవుతుంది.

ఏ ఆకుకు కబురు బాగా అందుతుందన్నది కూడా ఆలోచించు. కబురు ముఖ్యంగా పోషకనాళాల గుండా, చక్కెర పారే దారిలో పోతుంది. కాలువ నీళ్లు తూము ఎటు తెరిస్తే ఆ మడికే పారినట్టు, ముదురు ఆకు చక్కెర ఏ లేత ఆకుకు పోతుందో కబురు కూడా ముఖ్యంగా ఆ ఆకుకే పోతుంది. కాండం చుట్టూ ఆకులు మెలిదిరిగి పుడతాయి కాబట్టి, సరిగ్గా నిలువుగా పైన ఉన్న ఆకుతో దీనికి నాళాల సంబంధం ఎక్కువ, ఎదురు వైపు ఆకుతో తక్కువ. జోసెఫ్ కూచ్ అనే ఆయన కెంటకీలో కీరదోస మీద ఈ పని ఏళ్ల తరబడి చేశాడు. మొదటి ఆకు తొడిమను చుట్టూ చంపి, నాళాలు తెగేట్టు చేస్తే పైన ఉన్న ఆకులకు రక్షణ రాలేదు. నీకు సమయం మిగిలితే ఒకే మొక్కలో నిలువు వరస ఆకునూ, ఎదురు ఆకునూ రెండింటినీ కొలిచి చూడు. ఖర్చు లేదు, చాలా చెప్తుంది.

కొలిచేటప్పుడు ఏ ఆకు ఏ గుంపుదో నీకు తెలియకూడదు. నీ స్నేహితురాలి చేత ఆకులకు అంకెలు వేయించి, చీటీ ఆమె దగ్గరే పెట్టించు. మనసు కోరుకున్న వైపు చేయి పోతుంది, ఎంత నిజాయితీపరుడికైనా అంతే. ఆకు పక్కన స్కేలు పెట్టి నేరుగా పైనుంచి ఫోటో తియ్, ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మచ్చల అడ్డుకొలత తీసుకో. కలిసిపోయిన మచ్చలు, ఈనె మీద పడ్డ మచ్చలు వదిలెయ్. గుంపుకు పది మొక్కలు తగ్గకూడదు. ఒక ఆకు మీద యాభై మచ్చలు కొలిచినా అది ఒక్క మొక్క కిందే లెక్క. ఈ మాట గుర్తుపెట్టుకో, గణాంకాల దగ్గర చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

ఇంతవరకు చేస్తే రాస్ చేసింది నువ్వూ చేసినట్టు. ప్రాజెక్టుకు అది చాలు. కానీ నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఇంకొకటుంది, వీలైతే అది కూడా చెయ్యమని నా కోరిక.

వైరస్ పూసిన కింది ఆకును ఎప్పుడు తెంచితే కబురు ఆగిపోతుందో చూడు. కొన్ని మొక్కల్లో పూసిన అర రోజుకు తెంచు, కొన్నిట్లో ఒక రోజుకు, రెండు రోజులకు, మూడు, నాలుగు. తర్వాత అన్నిటికీ ఒకే రోజు పై ఆకుకు పుయ్. ముందే తెంచిన వాటిలో పై ఆకుకు రక్షణ లేక, ఆలస్యంగా తెంచిన వాటిలో ఉంటే, కబురు బయల్దేరిన వేళ ఆ రెంటి మధ్య ఉన్నట్టు. తెంచడం కూడా గాయమే కాబట్టి, బఫర్ పూసిన మొక్కల్లో కూడా అదే గంటకు ఆకు తెంచాలి. కత్తెర, థర్మామీటరు, గడియారం, ఈ మూడింటితో అయ్యే పని ఇది. అయినా ఇది ఎంత పెద్ద ప్రశ్నను కదిలించిందో చెప్తాను విను.

1979లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో ఆర్. ఎఫ్. వైట్ అనే శాస్త్రవేత్త పొగాకు ఆకులోకి ఆస్పిరిన్ ఎక్కించి, తర్వాత వైరస్ పూస్తే మచ్చలు బాగా తగ్గడం చూశాడు. ఆస్పిరిన్ సాలిసిలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టం. 1990లో రెండు బృందాలు, ఒకటి పొగాకులో, ఇంకొకటి కీరదోసలో, తెగులు సోకినప్పుడు మొక్క తానే సాలిసిలిక్ ఆమ్లం పెంచుకుంటుందని చూపించాయి. అప్పుడు అందరూ కబురు దొరికిందనే అనుకున్నారు. మరుసటి ఏడే కీరదోస మీద, ఇందాక చెప్పిన తెంచే ప్రయోగం వచ్చింది. బాక్టీరియా ఎక్కించిన ఆకును ఆరు గంటలకే తెంచేసినా పైన రక్షణ వచ్చింది. ఆ ఆకు నుంచి పారే రసంలో సాలిసిలిక్ ఆమ్లం పెరగడం అంతకన్నా తర్వాతే కనిపించింది. మరి ముందు పోయింది ఏమిటి?

1994లో అంటుకట్టి చూశారు. సాలిసిలిక్ ఆమ్లాన్ని పుట్టినది పుట్టినట్టే విరిచేసే బాక్టీరియా జన్యువు పెట్టిన పొగాకును కింద వేరుమొక్కగా, మామూలు పొగాకును పైన అంటుగా కట్టారు. కింది ఆకుకు వైరస్ పూశారు. అక్కడ ఆ ఆమ్లం నిలవలేదు, అయినా పై ఆకుకు రక్షణ వచ్చింది. తిరగేసి కట్టారు, ఆమ్లం నిలవని మొక్క పైన, మామూలుది కింద. ఈసారి పైన రక్షణ రాలేదు. చూడు పాపా, ఎంత శుభ్రమైన ప్రయోగమో. కబురు పంపడానికి ఆ ఆమ్లం అవసరం లేదు, అందుకున్న ఆకు దాని మీద పని చెయ్యడానికి మాత్రం తప్పనిసరి. చీనీకి అంటు కట్టే మన పులివెందుల రైతు చేతికి అలవాటైన పనితో అంత పెద్ద సంగతి తేల్చారు. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా నచ్చిన రెండు చిత్రాలు అవే.

అక్కడితో తెగిపోలేదు. 1995లో బరువైన ఆక్సిజన్ గుర్తు పెట్టి చూసిన ఇంకో బృందం, పై ఆకులో ఉన్న సాలిసిలిక్ ఆమ్లంలో ఎక్కువ భాగం కింది ఆకు నుంచి వచ్చిందేనని చెప్పింది. 2007లో డేనియల్ క్లెసిగ్ బృందం పొగాకులో మిథైల్ సాలిసిలేటే పైకి పోతుందనీ, పై ఆకులోని ఒక ఎంజైము దాన్ని మళ్లీ సాలిసిలిక్ ఆమ్లంగా మారుస్తుందనీ చూపించింది. 2009లో అజలెయిక్ ఆమ్లం, 2011లో గ్లిసరాల్-3-ఫాస్ఫేట్, 2018లో లైసిన్ నుంచి తయారయ్యే ఎన్-హైడ్రాక్సీ పైపెకాలిక్ ఆమ్లం వరసగా వచ్చాయి. ఈ చివరిదాని మీద ఇప్పుడు చాలా పని జరుగుతోంది. నా అభిప్రాయం అడిగితే, కబురు ఒక్కరు మోసుకుపోయేది కాదు. మొక్క, తెగులు, వెలుతురు, ఉష్ణోగ్రత మారితే ఎవరి భారం ఎంతో కూడా మారుతుంది. నీ రిపోర్టులో ఈ పేర్లన్నీ కుప్పపోయొద్దు. అంటు ప్రయోగాన్ని బొమ్మ వేసి వివరంగా రాయి, మిగిలినవి ఒక పేరాలో ముగించు.

కబురు అందాక పై ఆకులో ఎన్‌పీఆర్1 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి చేరి, రక్షణ జన్యువులను లేపుతుంది. పీఆర్ ప్రోటీన్లు, అంటే తెగులు తగిలినప్పుడు మొక్క చేసుకునే రక్షణ ప్రోటీన్లు పుడతాయి. 1970లో వాటిని మొదట పట్టింది కూడా ఈ పొగాకులోనే, ఈ వైరస్‌తోనే. జన్యువు ఎంత లేచిందో కొలిచే పీసీఆర్ మిషను నీకు దొరికితే, వాటిలో పీఆర్1 ఒక్కటి చూడు. దొరక్కపోతే మచ్చల కొలతే చాలు. 2018లో మసత్సుగు టొయోటా, సైమన్ గిల్‌రాయ్‌ల బృందం తీసిన వీడియో చూపించి నీ స్నేహితులు ఆశపెడతారు. గొంగళి పురుగు ఆకు కొరకగానే కాల్షియం తరంగం వెలుగుతూ సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు వేగంతో మిగతా ఆకులకు పాకుతుంది. అద్భుతమే. కానీ దానికి మెరిసే ప్రోటీన్ పెట్టిన మొక్కలు, ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కావాలి. పైగా అది పురుగు కొరికిన గాయపు కబురు. అది తర్వాత పీహెచ్‌డీలో చూసుకుందువు.

మీ నాయన అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే రాస్తున్నాను, చదివి వినిపించు. అంగడిలో మొక్కకు రోగనిరోధక శక్తి పెంచుతుందని ఒక బాటిల్ చూపించారట, టమాటాకు కొట్టొచ్చా అని అడిగాడు. బావా, ఆ రకం మందుల్లో నిజంగా పనిచేసేవి ఉన్నాయి. జపాన్‌లో వరి అగ్గితెగులుకు ప్రొబెనజోల్ అనే మందును 1970ల నుంచి వాడుతున్నారు, అది తెగులును నేరుగా చంపడంకన్నా మొక్కను లేపే పనే ఎక్కువ చేస్తుంది. అయితే ఏదైనా తెగులు రాకముందు వేస్తేనే. మచ్చలు పడ్డాక కొడితే మొక్క సిద్ధపడే లోపు తెగులు తన పని ముగించేస్తుంది. రెండోది, రక్షణ ఊరికే రాదు. గోధుమకు అట్లాంటి మందు కొట్టి, తెగులు లేని చోట పెంచి చూస్తే ఎదుగుదల, గింజ రెండూ తగ్గాయని 2000లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. చేను నీళ్లు లేక వాడుతున్నప్పుడు మొక్క మీద ఇంకో ఖర్చు మోపొద్దు. బాటిల్ మీద లోపలున్న పదార్థం పేరు, శాతం లేకపోతే కొనొద్దు. ఆ డబ్బుతో పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం కలిపి మాగబెట్టుకో, విత్తనానికి సూడోమోనాస్ అనే మేలు చేసే బాక్టీరియా పట్టించు. వేరు చుట్టూ చేరిన కొన్ని సూడోమోనాస్ రకాలు కూడా ఆకులకు కబురు పంపిస్తాయి, 1991లోనే అది తేలింది.

ఇంకో సంగతి కూడా బావకు గుర్తుచెయ్. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగకు కాండం కుళ్లు వైరస్ వచ్చి సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. మొదట అది మొవ్వకుళ్లు అనుకున్నారు, పరీక్షించాక పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేలింది. వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉండింది, తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి వేరుశనగ ఆకుల మీద గీరాయి. తెగులును వచ్చిన చోటే గుర్తుపట్టి ఆపలేని మొక్క, ఎంత కబురు పంపినా అప్పటికే ఆలస్యమవుతుంది. అక్కడ పనికొచ్చింది పొలం గట్ల మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకెయ్యడం, చేను చుట్టూ నాలుగైదు వరసల జొన్న గానీ సజ్జ గానీ వెయ్యడం, విత్తనశుద్ధి. పాపా, నీ రిపోర్టు చివర్లో దీని గురించి ఒక పేజీ రాయి. మన జిల్లా పిల్ల ఈ విషయం మీద పని చేసి, ఆ ఏడాదిని ప్రస్తావించకపోతే నాకు వెలితిగా ఉంటుంది.

ఫలితం రాకపోతే ఏం చెయ్యాలని అడిగావు. మూడు గుంపుల్లోనూ మచ్చలు ఒకే సైజులో పడితే, ముందు థర్మామీటరు పుస్తకం తెరువు. తర్వాత మొదటిసారి కింద పడ్డ మచ్చల లెక్క చూడు. కింద మచ్చలు మరీ తక్కువ పడితే కబురు బలంగా పోదు, ఆకంతా నిండేట్టు పడాలి. తర్వాత మూడో గుంపులో మచ్చలు ముందే చిన్నగా ఉన్నాయా, అంటే వాటికి గాలిలోనో పురుగు వల్లనో ఏదైనా అందిందా చూడు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా తేడా రాకపోతే, రాలేదనే రాయి. అంకెలు ఉన్నవి ఉన్నట్టు పెట్టు. ఆ రిపోర్టు మీద నేను గర్వంగా సంతకం చేస్తాను.

విత్తనం చల్లకముందు ఒక కాగితం మీద కుండీల అమరిక గీసి, ఏ కుండీ ఏ గుంపో చీట్లు తీసి నింపి, నాకు ఫోటో పంపు. వరసగా ఒక బల్ల మీద ఒక గుంపు పెట్టొద్దు, ఏసీ గాలి తగిలే మూల వేరు, తలుపు పక్కన వేరు. నా దగ్గరున్న గరిష్ఠ కనిష్ఠ థర్మామీటరు, చేతి లెన్సు ఈ శనివారం అనంతపురం బస్సులో వచ్చే మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. లెన్సు గాజును చీర కొంగుతో తుడవొద్దని అక్కకు చెప్పు.

మీ మామ